పేరు చెప్పలేదు

ఆగస్టు 17, ఆదివారం

ప్రభువా, మందమర్రిలో నా కొడుకు సాల్మన్ నడుము ఎట్లా ఉంది? బొగ్గు బాయిలో పనిచేసేవాడికి నడుమే ఆధారం. కోడలు క్యాథరిన్‌కు చక్కెర దిగిందా? పాస్టరు అహరోను గారి బీపీ ఎట్లా ఉంది? ఈ రోజు కూడా మైకు పట్టుకుని అంతగా అరిచారు. పక్కింటి పోశవ్వ కంటి పొర ముదిరిందంటుంది, కానీ నా కూరలో ఎంత నూనె పోశానో గోడ అవతలి నుంచే చెబుతుంది. మేక నిన్నటి నుంచి చొప్ప ముట్టలేదు, దానికేమైందో చూడు. నా మోకాళ్ల సంగతి ఆఖరున చూద్దువు గాని. ముందు లోపలి గదిలో ఉన్న పిల్లను చూడు.

పొద్దున ప్రార్థనలో ఇట్లా ఒక్కొక్కరి బాగోగులు అడుగుతూ వచ్చాను. పిల్ల దగ్గరికి వచ్చేసరికి నోరు కట్టుకుపోయింది. అందుకే ఈ రాత. డైరీ సాల్మన్‌ది, వాడికి రాసే అలవాటు లేదని నాకు ఇచ్చాడు. నాది మిషన్ బడిలో మూడో తరగతి. గుణింతం తప్పితే తప్పనీ, చదివేది నేనే.

పిల్ల పేరు నవనీత. జమ్మికుంట వాళ్లు. తండ్రి మస్కట్‌లో ఉంటాడు. పెద్ద డాక్టరు చదువు చదివి, పల్లె వైద్యం నేర్చుకోవడానికి మా ఊరి మిషన్ దవాఖానకు వచ్చింది. ఇట్లా ఒకరి తరువాత ఒకరు వస్తూనే ఉంటారు. దవాఖాన వెనక ఇంట్లో నాతోనే ఉంటారు. వాళ్లకు వండిపెట్టడం, బట్టలు ఆరేయడం, వాళ్ల కోసం బెంగపడటం నా పని. మూడో పని ఎవరూ అప్పజెప్పలేదు, నేనే మీదేసుకున్నాను.

వాళ్లకు నేర్పే పెద్ద డాక్టరు లిడియమ్మ. మునుపు ప్రతి గురువారం వచ్చి ఈ డాక్టరు పిల్లల పక్కన కూర్చుని రోగులను చూసేది. ఈ వానాకాలం ఇంకో రెండు ఊళ్ల దవాఖానలు కూడా ఆమె నెత్తిన పడ్డాయి. రావడం కుదరక గురువారం పిల్లతో ఫోనులో మాట్లాడుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక నాతో మాట్లాడుతుంది. "రోగుల సంగతి ఆమెను అడుగుత, ఆమె సంగతి నిన్ను అడుగుత పెద్దమ్మా. నువ్వే నా కండ్లు" అని మొదటి రోజే చెప్పింది. ఆ మాటకు నేను చాలా పొంగిపోయాను.

ఇదంతా నాకు తెలిసిందే. ఎందుకు రాస్తున్నానో. అసలు మాట దగ్గరికి పోవడానికి చేయి రావడం లేదు.

ఈ రోజు ఫోను వచ్చింది.

"పెద్దమ్మా, పిల్ల తింటున్నదా?"

"తింటున్నది."

"పండుకుంటున్నదా?"

"మంచిగ పండుకుంటున్నది."

"మరి గొంతు అట్లున్నదేంది? ఏమన్న అయిందా?"

"వానలు కదమ్మా" అన్నాను.

వానకూ గొంతుకూ ఏం సంబంధం? నోటికి అదే వచ్చింది.

ఆగస్టు 18, సోమవారం

రాస్తాను.

పోయిన గురువారం గంగయ్య పత్తి చేను నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. ఛాతీలో మంట అన్నాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. "గ్యాసే బిడ్డా, నిన్న పచ్చిపులుసు జర ఎక్కువ తాగిన" అని తనే నవ్వుతూ చెప్పాడు. పిల్ల కూడా నవ్వింది. గ్యాసు గోళీ ఇచ్చి పంపింది. గుండె మిషను పక్క గదిలోనే ఉంది, పెట్టలేదు. పొద్దు వాలేసరికి గంగయ్య చేనులో పడిపోయాడు. కొండల్ ఆటోలో వేసుకుని మంచిర్యాలకు తీసుకుపోతే గుండెపోటన్నారు. స్టెంటు వేశారు. బతికాడు, దేవునికి స్తోత్రం.

గంగయ్య భార్య ఐలవ్వకు ఈ సంగతి తలకిందులుగా తెలుసు. మొన్న ఆసుపత్రిలో ఉన్న గంగయ్యకు బట్టల కోసం ఊళ్లోకి వచ్చి, చేనులో పచ్చి మక్క కంకులు విరుచుకుని మా ఇంటికి తెచ్చింది. పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"నీ గోళీ నిలవెట్టింది బిడ్డా. ఆ గోళీ లేకుంటే మంచిర్యాల దాక పానం ఉండకపోవు. నా పుస్తె నీ పున్నెం."

పిల్ల కంకులు అందుకుంది. వేడి గిన్నె పట్టుకున్నట్టు వెంటనే అరుగు మీద పెట్టేసింది. ఐలవ్వ అటు పోగానే పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. నేను వీపు రాశాను.

"అమ్మమ్మా, అది గ్యాసు కాదు. ఆయన నవ్విండని నేను గూడ నవ్విన. చూడాల్సింది చూడలే."

"లిడియమ్మకు చెప్పు బిడ్డా."

"చెప్తే ఇంటికి పంపుతది. పంపకున్నా ఇగ నన్ను నమ్మది. ఈమెకు చెప్పాల్నా? ఈ కంకులు తెచ్చినామెకు?"

ఉన్నట్టుండి నా చేయి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టు. మేడంకు చెప్పొద్దు. ఎవ్వలకు చెప్పొద్దు."

చేయి వెనక్కు తీసుకునే లోపలే ఒట్టు పడిపోయింది. ఒట్టు పెట్టుకోవద్దని వాక్యంలో ఉంది. పెట్టుకున్నాక తప్పితే ఏమవుతుందో మా అవ్వ చెప్పేది. ఎవరి నెత్తిన చేయి పెట్టామో వాళ్లకే తగులుతుంది. వాక్యం ప్రకారం పెట్టడం తప్పు, మా అవ్వ ప్రకారం తీయడం తప్పు. ఇక నేనెటు పోవాలి?

ఆగస్టు 19

కంకులు అరుగు మీద అట్లాగే ఉన్నాయి. మేకకు వేద్దామంటే మనసు రాలేదు.

ఆగస్టు 21, గురువారం

పిల్ల ఇప్పుడు ఎవరినీ తన చేతిలో ఉంచుకోవడం లేదు. దగ్గు అంటే మంచిర్యాల. కడుపునొప్పి అంటే మంచిర్యాల. పన్ను నొప్పని వచ్చిన ముసలామెకు గుండె మిషను పెట్టి, ఆమెనూ మంచిర్యాలకే రాసింది. ఈ రోజు రాజం అరికాలిలో తుమ్మ ముల్లు దిగిందని కుంటుకుంటూ వచ్చాడు.

"ముల్లుకు గూడ మంచిర్యాలనా డాక్టరమ్మా? మా అవ్వయితే సూదితోని తీసి బెల్లం పెట్టేది."

పిల్ల తల ఎత్తకుండా చీటీ రాసి ఇచ్చింది. గేటు దగ్గర కొండల్ ఆటోను తుడుస్తున్నాడు.

"డాక్టరమ్మ చల్లగుండాలె. జర తుమ్మితె చాలు, మంచిర్యాలే. నా ఆటోకు దమ్ము తీసుకునే తీరిక లేదు."

అందరూ నవ్వారు. కిటికీ తెరిచే ఉంది. పిల్ల విన్నది.

సాయంత్రం లిడియమ్మ ఫోను చేసింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పిల్ల ఒక్కొక్క రోగి సంగతి చదువుతున్నట్టు చెప్పింది. గంగయ్య పేరు రాలేదు. ఇంకేమైనా ఉందా అని అడిగినట్టుంది అటు నుంచి.

"ఏం లేదు మేడం" అంది.

పప్పు మాడిపోయింది. దించడం మరిచిపోయాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఈ రోజు మనసు తేలికైంది.

స్త్రీల కూటంలో ఎప్పటిలాగే ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఒకామె కూతురి కానుపు కోసం అడిగింది, ఒకామె దుబాయిలో ఉన్న అల్లుడి కోసం అడిగింది. నేను కూడా లేచి నిలబడ్డాను.

"మా ఇంట్ల ఉన్న ఒక బిడ్డ భయంతోని అన్నం తింటలేదు. ఆ భయం పోవాల్నని ప్రార్థన చెయ్యుండ్రి."

అంతే అన్నాను. గంగయ్య మాట ఎత్తలేదు. పేరు చెప్పలేదు. ఒట్టు మనుషులకు చెప్పనని పడింది గాని, దేవునికి చెప్పనని కాదు కదా. అందరూ మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. నాకు కన్నీళ్లు వచ్చాయి.

తిరిగి వస్తుంటే పోశవ్వ వెంటబడింది.

"అక్కా, డాక్టరమ్మ కోసమేనా?"

"నేను పేరు చెప్పిన్నా?"

"మీ ఇంట్ల ఉండేది నువ్వు, ఆమె, మేక. మరి మేక కోసమా ఇంతమందిమి మోకాళ్లరగదీసింది?"

నేను పేరు చెప్పలేదు. అది గుర్తుంచుకోవాలి.

ఆగస్టు 24, ఆదివారం

అహరోను గారు మంచి మనిషి. ఆయన మంచితనమంతా మైకులోంచి వస్తుంది, అదే నా చావుకొచ్చింది.

మా గుడి మైకు రెండు. ఒకటి లోపలికి, ఒకటి తాటిచెట్టు మీద నుంచి ఊరికి. ఆరాధన చివర అందరి కోసం ప్రార్థిస్తూ వచ్చి, ఒక్కసారిగా గొంతు పెంచారు. "ప్రభువా, మా దవాఖానలో సేవ చేస్తున్న నీ కుమార్తె నవనీతను పీడిస్తున్న భయాన్ని ఈ క్షణమే వెళ్లగొట్టుము!" అన్నారు. చాప మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బిగుసుకుపోయాను. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది పోశవ్వ.

ఇంటికి వచ్చేసరికి పిల్ల వాకిట్లో నిలబడి ఉంది. తల స్నానం చేసినట్టుంది, జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"నువ్వు ఒట్టేసినవు కద అమ్మమ్మా."

"మనుషులకు చెప్పలే బిడ్డా. దేవునికి చెప్పిన."

"దేవునికి చెప్పెతందుకు మైకెందుకు?"

"నేను పేరు చెప్పలే."

"ఈ ఊరికి ఇంకో డాక్టరమ్మ ఉన్నదా?"

"గంగయ్య సంగతి మాత్రం..."

"చెప్పు. అది గూడ చెప్పు. వచ్చే ఆదివారానికి ఏమన్న మిగలాలె కద!"

అప్పుడే నా చేతి సంచిలో ఫోను మోగింది. లిడియమ్మ. తీయకపోతే ఆమె కంగారు పడుతుంది. తీశాను. పిల్ల నా ముఖంలోకే చూస్తోంది.

"పెద్దమ్మా, పిల్ల తింటున్నదా?"

"తింటున్నది" అన్నాను.

పిల్ల లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ చప్పుడు వినబడింది. ఈ ఇంట్లో ఆ గడియ ఇంతవరకు ఎవరూ వేయలేదు. నేను కోరింది భయం పోవాలని, తలుపు పడాలని కాదు.

ఆగస్టు 25, సోమవారం

దవాఖానకు జనం రాలేదు. సూది మందుకు హనుమండ్లు దగ్గరికి పోతున్నారట. అతను డాక్టరు కాదు. ఎప్పుడో ఒక డాక్టరు దగ్గర సంచి మోసి నేర్చుకున్నాడు. అయినా అతనికి భయం లేదు కదా అంటున్నారట. భయపడే డాక్టరమ్మ చేయి వణకదా అని నీళ్ల బాయి దగ్గర మాట.

వచ్చింది పోశవ్వ ఒక్కతే. గిన్నెలో కుడుములు పట్టుకుని వచ్చింది. రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చుని పిల్ల చేయి తనే పట్టుకుంది.

"నువ్వేం ఫికర్ పెట్టుకోకు బిడ్డా. మాకేమన్న రోగమొస్తే మేం చూసుకుంటం. నువ్వు మంచిగుండు."

పిల్ల కుడుములు తీసుకుని థాంక్స్ చెప్పింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను. పోశవ్వ మాత్రం చాలా సంతోషంగా ఇంటికి పోయింది.

ఆగస్టు 27

సంచి సర్దుకుంది. బస్సు రాలేదు. వాగు మీది వంతెన మునిగింది.

ఆగస్టు 28, గురువారం

వాన. వరండాలో సంచి మీద కూర్చుని పిల్ల రోడ్డు వైపు చూస్తోంది. రోడ్డు మీద నీళ్లు తప్ప ఏమీ లేవు. వినాయకుని పందిరి దగ్గర పిలగాండ్లు వానలోనే మైకు పెట్టారు. ఆ మైకు వినబడినప్పుడల్లా పిల్ల భుజాలు ముడుచుకుంటున్నాయి. గుడి మైకు కాదులే అని చెప్పాలనుకున్నాను. నాతో మాట్లాడితే కదా.

నేను కూడా కొన్నాళ్లు సాల్మన్ దగ్గరికి పోదామనుకున్నాను. మందమర్రికి పోవాలన్నా అదే వాగు దాటాలి. ఇద్దరం ఒకరికొకరం కనబడకుండా పోవాలని చూస్తున్నాం, వాగు పోనివ్వడం లేదు.

మధ్యాహ్నం జమ్మికుంటలో ఉన్న తన అవ్వతో పిల్ల ఫోనులో మాట్లాడింది. "బాగున్ననే అవ్వా. తింటున్న. మంచిగ పండుకుంటున్న." నా మాటలు నాకే వినబడినట్టుంది. నా దగ్గర నేర్చుకున్నది ఇదేనేమో.

లిడియమ్మ గురువారం ఫోనుకు పిల్ల సిగ్నలు లేదని మెసేజి పెట్టింది. సిగ్నలు ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

ఈ రోజు ఒక ఉపాయం చేశాను. ఉపాయమో కాదో తెలియదు.

లిడియమ్మ ఫోను వచ్చింది. "పెద్దమ్మా, పిల్ల తింటున్నదా?" అంది. నాలుక మీద ఆ మాటే సిద్ధంగా ఉంది. మింగేశాను. చెబితే ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే ఇట్లాగే ఉంటుంది.

"ఆమెనే అడుగమ్మా" అని వరండాలోకి పోయి ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టాను.

పిల్ల నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో.

"తింటున్న మేడం" అంది. ఫోను నా చేతికిచ్చి లోపలికి పోయింది.

లిడియమ్మ అటు నుంచి "పెద్దమ్మా? పెద్దమ్మా?" అంటోంది. "వాన చప్పుడుకు వినవస్తలేదమ్మా" అని పెట్టేశాను.

సెప్టెంబరు 2, మంగళవారం

చేయి ఇంకా నొప్పిగా ఉంది. అయినా రాస్తాను.

పొద్దున అన్నం వారుస్తుంటే కేకలు వినబడ్డాయి. గంగయ్యను మంచం మీద మోసుకొస్తున్నారు. మంచిర్యాల నుంచి ఇంటికి వచ్చి వారం దాటింది, బాగానే ఉన్నాడన్నారు. ఈ రోజు పొద్దున లేచి నిలబడబోయి గోడకు ఒరిగి పడిపోయాడట. అంబులెన్సు వాగు అవతలే ఆగిపోయింది. ఐలవ్వ మంచం వెంట పరుగెత్తుతూ వచ్చింది. పిల్ల దవాఖాన గుమ్మంలో నిలబడిపోయింది.

ఐలవ్వ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది.

"బిడ్డా, ఆనాడిచ్చిన గోళీ ఒక్కటియ్యి. గదే నిలవెట్టింది. గది వేస్తె లేస్తడు."

గ్యాసు గోళీ. ఆమె గ్యాసు గోళీ అడుగుతోంది. ఇస్తే ఐలవ్వ నమ్మకం నిలుస్తుంది, గంగయ్య ఏమవుతాడో తెలియదు.

పిల్ల ముఖం తెల్లగా పాలిపోయింది. ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"మేడంకు కలుపు అమ్మమ్మా. కిటికీ కాడ నిలవడు, అక్కడనే సిగ్నలుంటది. స్పీకర్ పెట్టి నా దిక్కు పట్టు."

నాతో మాట్లాడింది. అది కూడా ఆ గడబిడలోనే గుర్తించాను.

లిడియమ్మ తీసింది. పిల్ల ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. గంగయ్య అంగీ గుండీలు విప్పుతూ, చేయి పట్టుకుంటూ చెబుతోంది. నాకు ఇంగ్లీషు రాదు. గ్యాస్ అన్న ఒక్క మాట తెలిసింది. ఆ మాట దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పేసింది.

రేకుల మీద వాన పడుతోంది. లిడియమ్మ తెలుగులో మాట్లాడింది.

"సరే. అది తరువాత. ఇప్పుడు నీ చెయ్యి ఎక్కడున్నది?"

"నాడి మీద."

"అక్కడనే ఉంచు. ఏం కనవడుతున్నదో చెప్పు. నీ భయం సంగతి కాదు, ఆయన సంగతి."

"చెమటలున్నయి. బీపీ బాగ పడిపోయింది. నొప్పి లేదంటుండు. ఏం చెయ్యమంటరు మేడం?"

"నువ్వేమనుకుంటున్నవు?"

నాకు కోపం వచ్చింది. మనిషి పోయేటట్టున్నాడు, ఈమె ప్రశ్నలేంది? పిల్ల కండ్లు మూసి తెరిచింది. గుండె మిషను తెప్పించి పెట్టింది. కాగితం బయటికి రాగానే ఫోటో తీసి పంపి, ఫోను మళ్లీ నాకిచ్చింది.

"మంచిర్యాలల తీసినదాని తీరుగనే ఉన్నది మేడం. కొత్తగ ఏం కనవడ్తలేదు."

"నాకు గూడ కనవడ్తలేదు. మరి బీపీ ఎందుకు పడ్డది?"

పిల్ల గంగయ్య కాళ్ల కింద దిండు పెట్టి ఎత్తుగా చేస్తూ ఆగింది. ఐలవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, ఈయన ఏమేం గోళీలు వేసుకుంటుండు? అన్ని తీసి చూపెట్టు."

ఐలవ్వ కొంగు ముడి విప్పింది. రెండు ప్లాస్టిక్ కవర్లు. ఒకటి మంచిర్యాలలో ఇచ్చింది. రెండోది బీపీకని హనుమండ్లు ఎప్పటి నుంచో ఇస్తున్నది.

"రెండు తీర్లయి వేస్తున్నరా?"

"రెండేస్తే జల్ది తక్కువైతదని..."

పిల్ల రెండు కవర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఫోను వైపు వంగింది.

"మేడం, రెండిట్ల గూడ బీపీ మందే ఉన్నది. అందుకే పడ్డది."

"అయితే ఏం చేస్తవు?"

ఈసారి పిల్ల అడగలేదు, చెప్పింది. చెబుతూనే సెలైన్ పెట్టింది. సూది నరంలోకి ఒక్కసారికే దిగింది. చేయి వణకలేదు. బాయి దగ్గర మాట్లాడేవాళ్లు చూడాల్సింది.

"ఫోను పెట్టకు పెద్దమ్మా" అంది లిడియమ్మ. "నేనేం మాట్లాడకున్నా ఇక్కడనే ఉంట."

ఉంది. అటువైపు ఎవరో దగ్గుతున్నారు, ఆమె ఎవరికో మందులు చెబుతోంది. పిల్ల నడుమ నడుమ ఫోను వైపు చూసేది, అంతే. నా చేయి తిమ్మిరెక్కింది. దించలేదు. దించితే ఆమె పోతుందేమోనని భయం.

వాన కొంచెం తెరిపి ఇచ్చాక గంగయ్య ముఖానికి రంగు వచ్చింది. కండ్లు తెరిచి పిల్లను చూసి నవ్వాడు.

"ఏందమ్మా, మల్ల గ్యాసేనా?"

ఐలవ్వ నవ్వింది, మోసుకొచ్చినవాళ్లు నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"కాదు బాపూ" అంది.

సెప్టెంబరు 3

మేక చొప్ప తిన్నది.

సెప్టెంబరు 4, గురువారం

లిడియమ్మ పిల్లతో చాలాసేపు మాట్లాడింది. పిల్ల వరండాలో అటూ ఇటూ తిరుగుతూ విన్నది. చివర ఫోను తెచ్చి నాకిచ్చింది.

"పెద్దమ్మా, తింటున్నదని చెప్పినవు."

ఏడుపు వచ్చింది. "ఒట్టు వెట్టిచ్చుకున్నదమ్మా" అన్నాను.

"తెలిసింది. ఆమె ఒట్టుతోని కట్టేసింది, నేను కాపలా పెట్టి కట్టేసిన. ఇద్దరం కలిసి నిన్ను ఇరికిచ్చినం. ఇగ నిన్ను అడుగ. ఆమె సంగతి ఆమెనే అడుగుత."

మంచి మాటే. బరువు దిగింది. ఆదివారం ఇక ఫోను రాదన్నమాట. మంచిదే. ఆరాధన అయ్యాక ఫోను కోసం తొందర తొందరగా ఇంటికి రావాల్సిన పని లేదు. నిమ్మళంగా రావచ్చు. మంచిదే.

మధ్యాహ్నం పిల్ల పొయ్యి దగ్గరికి వచ్చి పీట వేసుకుంది. నా చేయి పట్టుకుని మళ్లీ తన నెత్తిన పెట్టుకుంది. నేను గుంజుకోబోయాను.

"భయపడకు. ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న" అని చేయి తీసి నేల మీద ఆనించింది. చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడు చేసినట్టు. "అయిపోయింది. ఇగ నీకేం లేదు."

"లిడియమ్మ పంపుతదటనా?"

"పంపనన్నది."

"తిట్టిందా?"

"తిడితే బాగుండు. గంగయ్య ఇంటికి పోదామన్నది. ఆనాడు ఏం జరిగిందో నేనే చెప్పాల్నట."

"నువ్వా? ఆమె చెప్పదా? పెద్ద డాక్టరు కద."

"చెప్పదట. పక్కన కూసుంటదట."

"ఐలవ్వ నోరు నీకు తెల్వది బిడ్డా. బోనాల కాడ ఆమె గొంతు మైకు లేకున్నా ఊరవతల వినవడ్తది."

"నేను గూడ అదే అన్న. తిడితే ఇద్దరం పడుదాం అన్నది మేడం."

నేను వెంటనే చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది బిడ్డా, మనిషి బతికే ఉన్నాడు కదా, ఆమె దండం పెడుతోంది కదా, ఊరికే ఎందుకు కెలకడం? నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల నా ముఖం చూసి, "తింటున్నది అని చెప్పినట్టనా?" అంది. నేనేమీ అననే లేదు.

సంచి ఇంకా వరండాలోనే ఉంది. తీసి లోపల పెట్టనా అని అడిగాను. "ఉండనియ్యి. ఆ రోజు అయినంక చూద్దాం" అంది. అంటే పోతుందా, ఉంటుందా? ఐలవ్వ అనే మాటను బట్టి ఉంటుందా? ఇద్దరు డాక్టర్లు పోయి తప్పయిందంటే ఊరు మొత్తం హనుమండ్లు దగ్గరికి పోదా?

సెప్టెంబరు 5, శుక్రవారం

కూటానికి పోయేటప్పుడు పిల్ల గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మమ్మా, ఈసారి ఏం చెప్తవు?"

"ఏం చెప్ప."

మనవులు చెప్పమన్నప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పోశవ్వ మోచేత్తో పొడిచింది. "లేవక్కా, డాక్టరమ్మకెట్లున్నదో చెప్పు." అందరూ నన్నే చూస్తున్నారు. లేవక తప్పలేదు.

"మా మేకకు జర బాగలేకుండె. ఇప్పుడు తింటున్నది. దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాను.

పోశవ్వ ఇంటిదాకా నాతో మాట్లాడలేదు.

సెప్టెంబరు 6, శనివారం

వంతెన తేలింది. పొద్దున మొదటి బస్సు వచ్చింది. గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. కండక్టరు వరండాలో సంచి చూసి "వస్తున్నరా మేడం?" అన్నాడు. పిల్ల లోపల రాజం అరికాలు తన ఒడిలో పెట్టుకుని ఉంది. ముల్లు తీసిన చోట చీము పట్టింది. తల ఎత్తకుండానే "ఇయ్యాల కాదు" అంది. బస్సు పోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ వెంటనే అనిపించింది. ఇయ్యాల కాదంటే రేపా?

సాయంత్రం అరుగు మీది కంకులు ఒక్కొక్కటి తీసి తుడిచి, తన సంచి పక్కన చిన్న బట్టలో మూట కట్టింది. ఎండి గట్టిపడ్డాయి.

"అవెందుకు బిడ్డా? పచ్చివి తెచ్చి కాల్చి పెడత. అన్నం సగమే తింటివి."

"ఐలవ్వకు వాపస్ ఇస్త. నేను చెప్పేది విన్నంక గూడ మల్ల నా చేతిలనే పెడితే, అప్పుడు తింట."

"పెట్టకుంటే?"

మూట ముడి బిగించింది.

"నువ్వు గూడ రా అమ్మమ్మా. నాకు ఇంకో దిక్కు కూసుందువు" అంది.

వస్తానన్నాను. మోకాళ్లు ఎట్లా ఉంటాయో, ఆ రోజు మళ్లీ వాన పడితే వాగు ఏం చేస్తుందో, లిడియమ్మకు ఆ రెండు ఊళ్లలో అడ్డం పని పడితే ఎట్లా, ఐలవ్వ చేతికి ఏం దొరుకుతుందో. ప్రభువా, వరుసగా అందరినీ అడగడానికి ఈ రోజు ఓపిక లేదు. ఆ ఒక్క రోజు చూడు.

లిడియమ్మ వస్తుంది. ముగ్గురం గంగయ్య ఇంటికి పోతాం. సెప్టెంబరు 11, గురువారం, ఓపీ అయినాక.